పుచ్చకాయలో పద్నాలుగు గింజలు

నాగావళి ఓడ, ఆకాశపు గది చిట్టా
ప్రయాణం 163వ ఏడు
రాసేది: అప్పలనరసమ్మ

201వ రోజు
పరికరం: ఆరంగుళాల దుర్భిణి
కనబడినది: కొత్తగా ఏమీ లేదు

ఏం చూశామో రాసే ముందు దేనితో చూశామో రాయాలి. ఈ గదికి మొదటి బాధ్యురాలు పెట్టిన నియమమిది. ఆవిడ తర్వాత నలుగురు మారారు, నేను ఆరోదాన్ని, ఇరవై రెండేళ్లుగా రాస్తున్నాను. నియమం మాత్రం మారలేదు.

ఈ ఉదయం టిఫిన్ చేసి వచ్చి తలుపు తీసేసరికి గౌరునాయుడు కొలత టేపు పట్టుకుని నా గదిలో మోకాళ్ల మీద పాకుతున్నాడు. నాయుడు ఓడలో తోటల విభాగం చూస్తాడు. మంచివాడే, కాకపోతే ఎక్కడ ఖాళీ కనబడినా అందులో ఏదో ఒకటి మొలిపించాలని చూస్తాడు.

"ఏటి తమ్ముడూ, ఏదైనా పారేసుకున్నావా?" అన్నాను.

"నేదప్పా, కొలుస్తన్నాను. పద్దెనిమిది అడుగులుంది. పుట్టగొడుగులకి బాగా సరిపోద్ది. సీకటెలాగూ ఉండనే ఉంది."

నవ్వాను. అతను నవ్వలేదు. 240వ రోజున ఓడ సభ ఉంది, అందులో ఈ గది అడుగుతాడట. తేమ బయటికి పోకుండా కిటికీకి రేకు కొట్టి శాశ్వతంగా మూసేస్తారట. ఓడ మొత్తానికి ఇదొక్కటే స్ఫటికపు కిటికీ. రెండు చేతులు చాపితే అందేంత గుండ్రని పలక, చుట్టూ పన్నెండు బోల్టులు. మిగతా కిటికీలన్నీ మందపాటి గాజు.

"మూసేస్తే ఆకాశంలో మన పుచ్చకాయని ఎలాగ చూస్తాను?"

"ఇప్పుడు మాత్రం ఏటి కనబడతందప్పా?" అన్నాడు. వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. అదే నాకు ఎక్కువ కోపం తెప్పించింది.

202వ రోజు
పరికరం: ఉత్త కళ్లు
కనబడినది: లేత బూడిదరంగు మసక, అదీ ఓరచూపుతో

కోపం తగ్గాక నాయుడి ప్రశ్న గురించి ఆలోచించాను. అతని తప్పేమీ లేదు.

భోజనశాలలో పెద్దవాళ్లు తగిలించి వెళ్లిన పటం ఉంది. మధ్యలో ఆకుపచ్చ, అంచున ఎరుపు. తిరగేసిన పుచ్చకాయ. అందుకే ఓడలో అందరూ దాన్ని పుచ్చకాయ అనే అంటారు. పుస్తకాల్లో దాని పేరు గ్రహ నీహారిక. గ్రహాలకూ దానికీ ఏ సంబంధమూ లేదు. ఒకప్పుడు చిన్న దుర్భిణుల్లో గ్రహంలాగా గుండ్రంగా కనబడిందని ఎవరో పెట్టారు, ఆ పేరే ఉండిపోయింది. నిజానికి అది ఒక ముసలి నక్షత్రం విడిచేసిన పైపొరలు. సెకనుకు పాతిక కిలోమీటర్ల చొప్పున బయటికి పరుచుకుంటూ పోతున్న వాయువు. మధ్యలో మిగిలిపోయిన వేడి గుండె ఆ వాయువును వెలిగిస్తుంది.

నూట యాభై ఏళ్లకు పైగా దానివైపే వచ్చి, ఏడేళ్ల కిందట లోపలికి అడుగుపెట్టాం. అడుగుపెట్టామని నేను మైకులో చెప్పేదాకా ఎవరికీ తెలియలేదు. కిటికీ బయట నలుపు, అంతే. చాలామంది నన్ను అదోలా చూశారు. దగ్గరికి పోయేకొద్దీ అది పెద్దదవుతుంది గాని చిక్కనవదు. ఒక అట్టు మీద రాయాల్సిన వెన్నను వంద అట్ల మీద రాస్తే ఏ అట్టు మీదా కనబడదు, అలాగే. లోపలున్న మనకు ఆకాశమంతా అదే, ఎక్కడా ప్రత్యేకంగా లేదు.

అరగంట చీకట్లో కూర్చుని, సూటిగా కాకుండా ఓరకంట చూస్తే పల్చటి మసక తెలుస్తుంది. నాలుగు వందల మందిలో ఆ ఓపిక ఉన్నవాళ్లు ఇద్దరే. ఒకదాన్ని నేను. రెండోది మా అమ్మకు అక్క, పైడమ్మ పెద్దమ్మ. ఆమెకు ఇప్పుడు రెండు కళ్లలోనూ శుక్లాలు.

206వ రోజు
పరికరం: వాడలేదు

ఈ రోజు పెద్దమ్మ కుడికంటికి ఆపరేషన్ అయింది. శుక్లం తీసేశారు. దాని చోట కొత్త లెన్స్ పెట్టలేదు.

ఎందుకు పెట్టలేదో ఇక్కడ రాయాలి. కంటి లెన్సులు పోసే పారదర్శకమైన జిగురు, రెసిన్, ఓడలో అయిపోయింది. పదకొండేళ్ల కిందట దుర్భిణి ముందున్న పెద్ద లెన్స్ పగిలినప్పుడు, కొత్తది పోసుకోవడానికి ఆసుపత్రి నుంచి అరచేతి మందాన రెసిన్ పట్టుకొచ్చింది నేనే. అప్పుడు సభ ఒప్పుకుంది, డాక్టరూ ఒప్పుకుంది. అప్పుడు పెద్దమ్మ కళ్లు బాగానే ఉన్నాయి.

డాక్టర్ సన్యాసమ్మ నన్ను పక్కకు పిలిచింది. "నరసమ్మగారూ, మీ దుర్భిణిలో లెన్స్ తీసి ఇస్తే నాలుగు కళ్లకి సరిపోద్ది. ఆలోచించండి" అంది.

"సభ అయ్యాక ఇస్తాను" అన్నాను. దుర్భిణి కూడా లేకపోతే నాయుడు రేకు ఆ పూటే కొట్టేస్తాడు. డాక్టర్ తల ఊపి లోపలికి వెళ్లిపోయింది. నన్ను తిడితే బాగుండేది.

పెద్దమ్మ యాభై ఏళ్లు ఓడలో అందరి బట్టలూ, బయటికి వెళ్లే వాళ్ల రక్షణ కోట్లూ కుట్టింది. ఆవిడ వేసిన కుట్టు ఒక్కటి కూడా ఊడలేదని చెప్పుకుంటారు. ఇప్పుడు సూదిలో దారం ఎక్కించలేదు. ఆవిడ కోరిక ఒకటే. "సచ్చేలోగా ఆ పుచ్చకాయని ఒక్కసారి తిన్నగా సూడాలే, గుంటా." నలభై తొమ్మిదేళ్లు వచ్చినా ఆవిడకు నేను గుంటనే.

214వ రోజు
పరికరం: సానరాయి

లెన్స్ లేని కంటికి దూరంలో ఏదీ కుదురుగా ఆనదు. సోడాబుడ్డి కళ్లద్దాలు కావాలి. కిటికీ బిగించిన రోజుల్లో మిగిలిన స్ఫటికపు ముక్క ఒకటి నా పెట్టెలో ఉంది. అందులో సగం కోసి ఎనిమిది రోజులు కూర్చుని అరగదీశాను. వేళ్ల చర్మం పోయింది. నాకు అది సబబుగానే అనిపించింది.

కుడివైపు స్ఫటికం, ఎడమవైపు నల్లబట్ట. పెట్టుకుని పెద్దమ్మ అద్దంలో చూసుకుంది. "గుడ్లగూబలాగున్నాను" అంది. సంతోషంగానే అంది.

219వ రోజు
పరికరం: ఉత్త కళ్లు (నావి)
కనబడినది: మసక

మధ్యాహ్నం భోజనాలయ్యాక పెద్దమ్మను గదికి తీసుకొచ్చి కుర్చీలో కూర్చోబెట్టి దీపాలన్నీ ఆర్పాను. ఓరకంట చూడాలని గుర్తుచేశాను. అరగంట అలాగే చీకట్లో కూర్చున్నాం. నక్షత్రం ఎడమవైపు, ఓడ గోడ చాటున ఉంటుంది, అది కంట పడదు.

"నరసా," అంది. "ఇవేటే, ఇన్నున్నాయి?"

"ఏవి?"

"గింజలు."

నాకేమీ లేదు. మసక, అంతే. ఎలా ఉన్నాయని అడిగితే, తెల్లబట్టకి నీలిమందు కాస్త ఎక్కువైతే వచ్చే రంగు అంది. గింజకో తోక ఉందంది. ఆపరేషన్ అయిన కంట్లో మెరుపులు కనబడటం మామూలేనని డాక్టర్ ముందే చెప్పింది. నేను "అలాగా" అన్నాను, ముసలివాళ్లతో అనే అలాగా.

పెద్దమ్మకు ఆ అలాగా అర్థమైంది. "రేపు నా ఫ్రేమూ సూదులూ తే" అంది.

222వ రోజు
పరికరం: పెద్దమ్మ సూది (ఇలా రాయవచ్చో లేదో తెలియదు)

గుండ్రటి ఎంబ్రాయిడరీ ఫ్రేముకు నల్లబట్ట బిగించి, అంచున పన్నెండు చోట్ల దారంతో గుర్తులు పెట్టించుకుంది, కిటికీ బోల్టులకు సరిగ్గా. వెలుతురులో నాచేత ఇరవై సూదుల్లో దారం ఎక్కించింది. తర్వాత దీపాలు ఆర్పమంది.

చీకట్లో ఎవరూ బొమ్మ వెయ్యలేరు. పెద్దమ్మ కుట్టగలదు. ఆవిడ చేతులకు వెలుతురు అక్కర్లేదు. కిటికీ వైపు చూస్తూ, బొటనవేలితో గుర్తులు తడుముకుంటూ, గింజ ఉన్న చోట ముడికుట్టు, తోక ఉన్నంత మేర కాడకుట్టు. మూడు పూటలు పట్టింది. మధ్యలో టీ అడిగింది, ఫ్లాస్కులోది చీకట్లోనే పోశాను, సగం నా ఒళ్లో పడింది.

ఈ రోజు దీపం వేసి చూశాను. పద్నాలుగు గింజలు. కుట్టిన తోకలన్నీ కుడివైపుకే, ఒక్కటీ తప్పకుండా.

బట్టను కిటికీ పక్కన పట్టి తోకల దిశ మళ్లీ సరిచూశాను. నక్షత్రం ఎడమవైపు ఉందని పెద్దమ్మకు తెలియదు, ఎప్పుడూ చెప్పలేదు. ఇలాంటి నీహారికల లోపల చిక్కటి వాయువు గడ్డలు ఉంటాయనీ, వాటి తోకలు నక్షత్రానికి అవతలి వైపుకు సాగుతాయనీ పాత పుస్తకాల్లో ఉంది. కంట్లో మెరుపులైతే తోకలన్నీ ఒకే వైపు ఎందుకు తిరుగుతాయి?

కానీ నాకు కనబడవు. దుర్భిణిలో కనబడవు. ఫొటోలోనూ రావు. ఎరుపు పట్టే పలక తొమ్మిదేళ్ల కిందటే పోయింది గనుక నా కెమెరాకు నీలం, ఆకుపచ్చ మాత్రమే పడుతున్నాయి. ఆ రెంటిలోనూ నునుపైన మసక తప్ప ఏమీ లేదు.

226వ రోజు
పరికరం: కింద రాస్తాను

నిన్నంతా బాధపడ్డాను. పెద్దమ్మ చూసింది నిజమైనా కాకపోయినా, ఆవిడ సూదిలో దారం నేను ఎక్కించడం నిజం. ఆవిడ కంట్లో ఉండాల్సింది నా దుర్భిణిలో ఉండటం నిజం. గది పోతే పోతుందనుకున్నాను. పొద్దున్నే మరలు విప్పి లెన్స్ బయటికి తీశాను. పదకొండేళ్ల తర్వాత చేతిలో పట్టుకుంటే ఎంత తేలిగ్గా ఉందో.

పెద్దమ్మ అప్పటికే గదిలో చీకట్లో కూర్చుని ఉంది. ఇప్పుడు రోజూ వస్తోంది. పక్కన కూర్చుని అంతా చెప్పేశాను. రెసిన్ పట్టుకొచ్చింది నేనని, సభ అయ్యేదాకా ఇవ్వకూడదనుకున్నానని. 

"తెల్సులేవే," అంది. "సన్యాసమ్మ ఆనాడే సెప్పీసింది."

"మరి నన్నెందుకు తిట్టలేదు?"

"ఎనిమిది దినాలు రాయి అరగదీసినావు కాదా. మరింకేటి తిడతాను?"

ఏడుపూ నవ్వూ ఒకేసారి వచ్చాయి. "ఇదిగో, ఇదే నీ కంట్లోకి వెళ్లేది" అంటూ చీకట్లో లెన్సును ఆవిడ కళ్లద్దం ముందు పట్టాను.

"ఓలమ్మ! ఆర్పీసినావేటే?"

"ఏం ఆర్పాను?"

"గింజలు. పోనాయి."

చెయ్యి తీశాను. వచ్చాయంది. పెట్టాను. పోయాయంది. చెప్పకుండా పెట్టి చూశాను, పెట్టినట్టు నటించి చూశాను, ఇరవైసార్లు. ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. చివరికి విసుక్కుంది. "సూడనీవేటే నన్ను?"

అప్పుడు నాకు తట్టింది. తట్టగానే సిగ్గేసింది, ఎందుకంటే ఇది నాకు ఎప్పుడో తెలిసి ఉండాల్సింది. మనిషి కంట్లోని లెన్స్ అతినీలలోహిత కాంతిని లోపలికి రానివ్వదు. కళ్లకోసం చేసే రెసిన్ కూడా రానివ్వదు, అలా చేసిందే. పెద్దమ్మ కుడికంట్లో ఇప్పుడు అడ్డు లేదు. కళ్లద్దం స్ఫటికం, కిటికీ స్ఫటికం, ఆ రెండూ ఆ కాంతిని ఆపవు. ఆ గడ్డల్లోని ఆక్సిజన్ వెలిగేది సరిగ్గా ఆ రంగులోనే. మామూలు కంటికి రంగే కాని రంగు అది.

నా కెమెరాకూ ఆ రంగు తెలుసు. పదకొండేళ్లుగా దాని ముందు రెసిన్ మూత పెట్టి ఉంచింది నేను.

పరికరం: పైడమ్మ పెద్దమ్మ కుడికన్ను.

229వ రోజు
పరికరం: లెన్స్ తీసేసిన దుర్భిణి, కెమెరా
కనబడినది: పదమూడు

దుర్భిణిలో బొమ్మను తెచ్చేది వెనకున్న అద్దమే. ముందు లెన్స్ లేదు గనుక ఫొటో అంచులు సాగిపోయాయి, మధ్యభాగం మాత్రం బాగుంది. ఆరు గంటల ఎక్స్‌పోజర్. అచ్చు తీసి, పెద్దమ్మ బట్టను పైన పరిచి, కింద దీపం పెట్టాను. పదమూడు ముడుల కింద పదమూడు గడ్డలు, తోకలతో సహా. ఒక్కో ముడి మీదా వేలు పెట్టి రెండుసార్లు లెక్కపెట్టాను.

పద్నాలుగోది ఎంత వెతికినా దొరకలేదు. మధ్యాహ్నం అడిగాను.

"ఏదీ, నాలుగో బోల్టు కాడుందే, అదా?" బట్ట తడిమి చూసుకుంది. "అది గింజ కాదే. నువ్వు టీ ఒలకబోసినప్పుడు దారం సిక్కుపడిపోనాది."

240వ రోజు
పరికరం: సభ

నాయుడు ముందు మాట్లాడాడు. పుట్టగొడుగుల వల్ల వారానికి రెండుసార్లు కూర మారుతుందన్నాడు. నిజం చెప్పాలంటే నాకే నోరూరింది.

తర్వాత నేను ఫొటో పట్టుకున్నాను, పెద్దమ్మ బట్ట పట్టుకుంది. ఏడేళ్ల కిందట మైకులో చెప్పినప్పుడు నాకు వచ్చిన చూపులు గుర్తొచ్చి, రాసుకున్న ప్రసంగం మర్చిపోయాను. "ఇవి మనకి కనబడవు. పెద్దమ్మకి కనబడతాయి. రేకు కొడితే ఆవిడకీ కనబడవు," అన్నాను. అంతే వచ్చింది.

జనం లేచి వచ్చి బట్ట చుట్టూ మూగారు. ఫొటోను అంతగా చూడలేదు. ఫొటోలు అబద్ధం చెప్పవచ్చు గాని, పైడమ్మ కుట్టు అబద్ధం చెప్పదని ఈ ఓడలో అందరికీ ఒంటిమీద బట్టలా తెలుసు. పద్నాలుగోది ఏదని ఎవరో అడిగితే పెద్దమ్మ ఉన్నదున్నట్టు చెప్పింది. సభ అంతా గొల్లున నవ్వింది. దానితో మిగతా పదమూడు ఇంకా గట్టిగా నమ్మారు.

నాయుడు బట్ట దగ్గర అందరికంటే ఎక్కువసేపు నిలబడ్డాడు. వాళ్ల నాన్న పోయినప్పుడు ఆయనకి వేసిన చొక్కా కూడా పెద్దమ్మ కుట్టిందే.

"అప్పా, నీకు సీకటి కావాలి. నాకూ సీకటే కావాలి," అన్నాడు. "ఎనక గోడకి నా అరలు పెట్టుకుంటాను, తేమ పోకుండా మధ్యలో తెర కడతాను. రేకొద్దు. దీపమెయ్యనని మాటిస్తాను."

"తెర నాను కుడతాను," అంది పెద్దమ్మ.

చేతులెత్తమంటే అందరూ ఎత్తారు. నేను రెండూ ఎత్తాను.

247వ రోజు
పరికరం: వాడలేదు

డాక్టర్ సన్యాసమ్మ నేనిచ్చిన దుర్భిణి లెన్స్ నుంచి కంటి లెన్స్ తయారుచేసి, కుడికంట్లో పెట్టడానికి పిలిచింది. పెద్దమ్మ కుర్చీలో కూర్చుని, ఎడమకన్ను చూపించింది.

"మామ్మా, ఖాళీగా ఉన్నది కుడిది కదా," అంది డాక్టర్.

"దీన్లో సుక్లం తీసీసి దీన్లో పెట్టు. సూదిలో దారం ఎక్కించడానికి ఇది సాలు. ఆ కన్ను పుచ్చకాయది."

డాక్టర్ నావైపు చూసింది. రెండు కళ్లూ రెండు రకాలుగా చూస్తే తల తిరుగుతుందని నేనూ చెప్పాను. కావలసినప్పుడు ఒకటి మూసుకుంటానంది. యాభై ఏళ్లు ఒక కన్ను మూసే సూదిలోకి చూసిందట. డాక్టర్ దీపాన్ని ఎడమకన్ను వైపు తిప్పింది.

261వ రోజు
పరికరం: పైడమ్మ పెద్దమ్మ కుడికన్ను
కనబడినది: పందొమ్మిది

ఓడ కదిలేకొద్దీ కొత్తవి వస్తున్నాయి. పెద్దమ్మ చెబుతుంది, కుడుతుంది, తర్వాత కెమెరా ఒప్పుకుంటుంది. గది తడి ఊకవాసన వేస్తోంది. నిన్న నాయుడు మొదటి బుట్ట పుట్టగొడుగులు తెచ్చిచ్చాడు, ఉల్లిపాయ వేసి వేయించుకు తిన్నాం. తెర కుట్టు చూసి రెండు వేళ్లతో లాగి చూశాడు, ఊడలేదు.

ఒకటి రాసుకోవాలి. నాకు అసూయగా ఉంది. ఇరవై రెండేళ్లు ఈ కిటికీ ముందు కూర్చున్నదాన్ని నేను, చూస్తున్నది ఆవిడ. పక్కన కూర్చుంటాను, మసక చూస్తాను, ఆవిడ చెబుతుంటే వింటాను. తోక చివర్లు పీచులా విడిపోతున్నాయట. వినడం కూడా బాగానే ఉంది. కానీ చూడటం వేరు.

ఈ ఉదయం డాక్టర్ ఏటా చేసే పరీక్ష చేసింది. నా కళ్లలో వెలుగు వేసి చాలాసేపు చూసి, దీపం ఆర్పి, చెయ్యి పట్టుకుంది. "నరసమ్మగారూ, కంగారుపడకండి. రెండు కళ్లలోనూ శుక్లాలు మొదలయ్యాయి. ఇంకో పదేళ్లకి గాని తియ్యాల్సిన పనుండదు."

"పదేళ్లా?" అన్నాను. "కాస్త ముందు కుదరదా?"

ఆమెకు నేను ఎందుకు నవ్వుతున్నానో అర్థం కాలేదు. గదికి తిరిగి వచ్చి పెట్టె తీశాను. స్ఫటికపు ముక్కలో ఇంకొక కంటికి సరిపడా మిగిలే ఉంది. సాయంత్రం నుంచి అరగదీయడం మొదలుపెట్టాను, తొందరేమీ లేదు.